దిగాల్సిన చోట దిగడం

నల్లరేగడిలో వాన పడ్డ రోజు కంటే మర్నాడే కష్టం. ప్రత్తిపాడు చుట్టుపక్కల పొలానికి బండి వేసుకుని వెళ్లే ఎవరినైనా అడగండి, ఇదే చెబుతారు. వాన కురుస్తున్నంతసేపూ డొంకలో నీళ్లు నిలుస్తాయి, మట్టి పలచబడి చక్రం మీంచి జారిపోతుంది. తెల్లారి కాస్త ఎండ తగిలిందంటే అదే మట్టి బంక అవుతుంది. చక్రం ఒక చుట్టు తిరిగితే ఒక పొర, ఇంకో చుట్టుకు ఇంకో పొర. నాలుగు బారలు వెళ్లేసరికి మడ్‌గార్డు నిండా ముద్ద. ఇక చక్రం తిరగదు, తోసుకెళదామన్నా రాదు. అందుకే ఈ పల్లెల్లో ముందు మడ్‌గార్డు ఊడదీసిన మోటార్‌సైకిళ్లు కనిపిస్తాయి. డొంక మొదట్లోనే ఒక పుల్ల విరుచుకుని దగ్గర పెట్టుకునే రైతులూ కనిపిస్తారు. కాసేపు వెళ్లడం, దిగడం, పుల్లతో మట్టి పొడిచి రాల్చడం, మళ్లీ ఎక్కడం. దీన్ని ఎవరూ ఓటమి అనుకోరు. పొలం చేరే పద్ధతి అది.

ఈ అధ్యాయం ఆ పుల్ల గురించే అనుకోండి.

మీరు గేర్ల సైకిలు కొన్నారు. నాలుగు నెలలు తొక్కారు. ఎక్కడో కొండల్లో మౌంటెన్ బైక్ మారథాన్ జరుగుతోందని తెలిసి పేరు రాయించుకున్నారు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య లెక్కలో మారథాన్ అంటే 60 నుంచి 160 కిలోమీటర్ల మధ్య ఉండే పోటీ. అంత దూరం కొండదారిలో, అదీ వాన పడ్డాక అయితే, సైకిలుకు ఏదో ఒకటి అవుతుంది. అది ఖాయం. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు గానీ, తొక్కడానికే ఫీజు కట్టినవాళ్లకు ఆ సామెత ఎందుకూ కొరగాదు. వాళ్లకు కావాల్సింది అడుసు ఎలా తొక్కాలో, తొక్కుతుండగా చైను ఊడితే ఏం చెయ్యాలో చెప్పే మనిషి.

ఇలాంటి చోట వ్యక్తిత్వ వికాస పుస్తకాలు సాధారణంగా ఇచ్చే సలహా ఒకటుంది: పట్టు వదలకు, ఇంకాస్త గట్టిగా తొక్కు. బురదలో సైకిళ్లను విరగ్గొట్టేది సరిగ్గా ఈ సలహాయే. ఎలాగో కొంచెం వివరంగా చూద్దాం, ఎందుకంటే మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంది.

మన నల్లరేగడిలో బంకమన్ను పాలు ఎక్కువ. అందులోని స్మెక్టైట్ జాతి ఖనిజాలు సన్నటి పొరలుగా ఉంటాయి, నీళ్లు ఆ పొరల మధ్యకు దూరి మట్టిని ఉబ్బిస్తాయి. ఎండాకాలంలో ఇదే నేల చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుకుంటుంది. తేమను చాలాకాలం పట్టి ఉంచుతుంది గనక పత్తికీ మిరపకూ ఈ నేల కలిసొచ్చింది. సైకిలుకు కలిసిరాకపోవడానికీ కారణం అదే: ఒకసారి పట్టుకున్నదాన్ని తొందరగా వదలదు.

ఇప్పుడు సైకిలు వెనక చక్రం పక్కన కిందికి వేలాడే భాగాన్ని చూడండి. దాని పేరు డెరైలర్. చైనును ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదికి మార్చేది ఇదే. దీంట్లో జాకీ వీల్స్ అని రెండు బుల్లి పళ్లచక్రాలుంటాయి, చైను వాటి మధ్య మెలిక తిరిగి వెళ్తుంది. నేలకు బాగా దగ్గరగా ఉంటుంది కాబట్టి బురద ముందు దీన్నే పట్టుకుంటుంది. ఆ బురదలో ఎండుగడ్డో పత్తికట్టె పీచో కలిసిందంటే పాతకాలం ఇళ్లకు గోడ పెట్టడానికి తొక్కిన మట్టే అది. జాకీ వీల్ ఆగిపోతుంది. చైను కదలనంటుంది. పెడలు బరువెక్కుతుంది. మీరేమో ఎత్తు వచ్చింది కాబోలనుకుని ఒళ్లు బిగించి తొక్కుతారు. ఇరుక్కున్న చైనును మీ కాలి బలం ముందుకు లాగుతుంది, చైను డెరైలర్‌ను తనతో లాగుతుంది, డెరైలర్ వెళ్లి చక్రం పుల్లల్లో పడుతుంది. ఫట్ మని చప్పుడు. డెరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ అనే చిన్న ముక్క విరిగింది. చాలా సైకిళ్లలో దాన్ని కావాలనే మెత్తని అల్యూమినియంతో చేస్తారు, దెబ్బ తగిలితే అది పోయి ఫ్రేము మిగలాలని.

ఆ చప్పుడు విన్నాక చాలామంది తమ అదృష్టాన్ని తిట్టుకుంటారు. అదృష్టానికి ఇందులో వాటా తక్కువ. పెడలు బరువెక్కినప్పుడు దిగి ఉంటే హ్యాంగర్ బతికేది. విరిగిన చోటు ఒకటి, విరగడానికి కారణమైన చోటు ఇంకొకటి, రెండింటి మధ్య ఓ పావు కిలోమీటరు మొండితనం. బురద పోటీలో నేర్చుకోవాల్సిన విద్యల్లో మొదటిది తొక్కడం మాని దిగడం.

ఈ మాట మనకే కాదు, ప్రపంచంలో పేరున్న రైడర్లకూ బురదే నేర్పింది. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఎంపోరియా అనే ఊరి నుంచి ఏటా అన్‌బౌండ్ అనే పోటీ జరుగుతుంది. పెద్ద విభాగంలో దూరం 200 మైళ్లు, అంటే 320 కిలోమీటర్ల పైమాటే. కొండ సైకిళ్ల పోటీ కాదది, కంకర దారుల పోటీ, కానీ అక్కడి మట్టికి తడి తగిలితే మన రేగడికి అన్నదమ్మే. 2023 జూన్ 3న వానకు నానిన దారిలో పోటీ మొదలైంది. బయల్దేరి ఎంతోసేపు కాకముందే బురద దారి ఎదురైంది. మొదటి వరుసలోని ప్రొఫెషనల్స్ సహా అందరూ దిగి సైకిళ్లను తోసుకుంటూ, భుజాన వేసుకుంటూ నడిచారు. దిగడం ఆలస్యం చేసినవాళ్లలో డెరైలర్లు విరిగినవాళ్లు ఎందరో, పోటీ ముందుంది అనగా వాళ్లకు అక్కడే అయిపోయింది. అనుభవం ఉన్నవాళ్లు జేబుల్లో పెయింటు కలిపే చెక్కపుల్లలు పెట్టుకుని వచ్చారు. బురద గీకడానికి! ఆ రోజు పురుషుల్లో కీగన్ స్వెన్సన్, మహిళల్లో కరోలిన్ షిఫ్ గెలిచారు. లక్షల ఖరీదు చేసే సైకిలు, దాని పక్కన పెయింటు డబ్బాతో వచ్చే పుల్ల. ప్రత్తిపాడు డొంకలో రైతు చేసే పనే కాన్సస్‌లో ప్రొఫెషనల్ చేశాడు.

మరి ఎప్పుడు దిగాలి? సైకిలు ముందే చెబుతుంది, వినే ఓపిక ఉండాలి. ఫోర్కు దగ్గర మట్టి రాసుకుంటున్న గరగర మొదటి హెచ్చరిక. వేగం పెరక్కుండా పెడలు బరువెక్కడం రెండోది. గేరు మార్చితే పట్టకపోవడం, పట్టినట్టే పట్టి జారడం వచ్చిందంటే ఇక మీకు మిగిలింది కొద్ది క్షణాలే. తొక్కడం వెంటనే ఆపండి. పెడలును సగం చుట్టు వెనక్కి తిప్పి చూడండి. అది కూడా బిగుసుకుపోయి ఉంటే దిగి, వెనక చక్రం ఎత్తి చేత్తో తిప్పండి. చక్రం స్వేచ్ఛగా తిరిగితే ఎక్కొచ్చు. తిరక్కపోతే ఎక్కొద్దు. ఇంత తేలికైన నియమం పోటీ వేడిలో గుర్తుండదు, అందుకే ముందే అలవాటు కావాలి.

దిగాక తోసుకెళ్లడం తెలివైన పనిలా కనిపిస్తుంది గానీ కాదు. బంకమట్టిలో తోసినా చక్రాలు మట్టిని పోగుచేస్తూనే ఉంటాయి. ఎత్తి భుజాన వేసుకోవాలి. ఫ్రేము త్రికోణంలోంచి చెయ్యి దూర్చి, పై గొట్టం భుజం మీద ఆనేలా పెట్టుకుని, ఆ చేత్తోనే హ్యాండిలు పట్టుకుంటే రెండో చెయ్యి ఖాళీగా ఉంటుంది, జారితే ఆసరాకు. మామూలు కొండ సైకిలు పన్నెండు పదమూడు కిలోలుంటుంది, బురద పట్టిందంటే ఇంకా పెరుగుతుంది. కాబట్టి ముందు గీకి, తర్వాత ఎత్తండి. ఇదంతా వినడానికి సిగ్గుగా ఉందా? సైకిలు పోటీలో సైకిలును మొయ్యడమా అని? సైక్లోక్రాస్ అనే క్రీడ మొత్తం ఇలా మోస్తూ పరిగెత్తడం మీదే నడుస్తోంది, యూరప్‌లో నూరేళ్లకు పైగా.

గీకడానికీ ఒక వరుస ఉంది. టైరు మీద మట్టి జోలికి పోకండి, అది రెండు చుట్లలో మళ్లీ పడుతుంది. ఫోర్కు మెడ దగ్గర, వెనక చక్రం ఫ్రేము మధ్యకు దూరే చోట, పెడళ్ల ఇరుసు వెనక సందులో, ఆ తర్వాత జాకీ వీల్స్ మధ్య. అంతే. చెక్కదో ప్లాస్టిక్‌దో వాడండి, ఇనప ముక్కతో గీకితే ఫ్రేము చారలు పడుతుంది. తాగే నీళ్ల సీసాతో పాటు రెండో సీసా మామూలు నీళ్లతో పెట్టుకుని, గీకాక రెండు గుక్కలంత నీళ్లు చైను మీద, జాకీ వీల్స్ మీద పొయ్యండి. ఎండలో ఒళ్లు మండుతున్నప్పుడు చైనుకు నీళ్లు పొయ్యడానికి మనసొప్పదు. పొయ్యండి. పాలుపోని చోట ఇంకో చిట్కా: దారి అంచుల కంటే ట్రాక్టరు చక్రాలు పడ్డ జాడల్లో, నీళ్లు నిలిచిన చోట చాలాసార్లు అడుగు గట్టిగా ఉంటుంది, పల్చటి బురద అంటుకోకుండా జారిపోతుంది. లోతు తెలిస్తేనే సుమా.

సన్నాహం విషయంలో ప్రత్తిపాడు మనిషికి ఒక లోటు, ఒక వరం. లోటు ఏమంటే ఇక్కడ ఎత్తు లేదు, అరచేయంత చదునుగా నేల పరుచుకుని ఉంది. ఎత్తు కోసం కొండవీడు వెళ్లాల్సిందే. రెడ్డి రాజుల కోట ఉన్న ఆ కొండ మీదికి ఘాట్ రోడ్డు వేశారు కాబట్టి గేర్లు మార్చుకుంటూ ఎక్కడం, బ్రేకులు కాలకుండా దిగడం అక్కడ సాధన చెయ్యొచ్చు. వరమేమో బురద. హైదరాబాదులో తారురోడ్డు మీద సాధన చేసేవాడికి ఎంత డబ్బు పెట్టినా దొరకని నేల మీ ఇంటి వెనకే ఉంది. వాన వెలిసిన మర్నాడు సైకిలు తీసుకుని డొంకలోకి వెళ్లండి. ఒక్క షరతు: డొంక దాటి పైరు మీదికి పోవద్దు. ఆగస్టు, సెప్టెంబరుల్లో నాటిన మిరప నారు మీద చక్రం పోతే అది ఎవరి పెట్టుబడో గుర్తుంచుకోండి. బాగా నానిన డొంకలో కూడా లోతైన జాడలు చేస్తే రేపు ఆ దారిలో బండి తోలే రైతుకే ఇబ్బంది.

టైర్ల మాటకొస్తే, వెడల్పాటి టైరు బురదలో నిలబెడుతుందని చాలామంది నమ్మకం. ఇసకలో నిజం. బంకమట్టిలో సన్నటి టైరే మేలు. గుబ్బలు ఎత్తుగా, ఎడంగా ఉండాలి, అప్పుడే మధ్యలో మట్టి విదిలించుకుంటుంది. టైరుకూ ఫ్రేముకూ మధ్య సందు ఎంత ఎక్కువుంటే అన్ని ఎక్కువ మీటర్లు తొక్కుతారు. పోటీ ఉదయం ఫ్రేము అడుగు భాగానికి, ఫోర్కు లోపలి వైపుకు సిలికాన్ స్ప్రే కొట్టండి, లేదా గుడ్డతో కాస్త వంటనూనె పూయండి. మట్టి కొంతసేపు అంటదు. బ్రేకు డిస్కుకు మాత్రం నూనె చుక్క తగలకూడదు, తగిలిందా మీరు ఆగేది చెట్టు దగ్గరే. బ్రేకు ప్యాడ్లలో రెజిన్‌వి మెత్తన, చప్పుడు తక్కువ, కానీ ఇసక కలిసిన బురదలో ఒక్క పోటీకే అరిగిపోవచ్చు. లోహపు పొడితో చేసిన సింటర్డ్ ప్యాడ్లు గట్టిగా ఉంటాయి. మీ బ్రేకు డిస్కు వాటికి సరిపడేదేనా అని చూసుకుని అవే వేయించండి, ఇంకో జత సంచిలో పెట్టుకోండి.

నీళ్ల సీసా మూతికి కప్పు ఉండాలి. ఇది చిన్న విషయంలా అనిపించొచ్చు. పత్తి, మిరప చేల పక్కన దారిలో ఎగిరే బురదలో పేడ ఉంటుంది, కొట్టిన పురుగుమందు ఉంటుంది. దాన్ని నోట్లో పెట్టుకుని పీల్చి, తర్వాత కడుపునొప్పికి ఎండను తప్పు పట్టేవాళ్లున్నారు.

సంచిలో ఏముండాలి? మల్టీటూల్, చైను తెంపే పరికరం, రెండు క్విక్ లింకులు, ఒక ట్యూబు, టైరు ఊడదీసే లివర్లు, పంపు, ట్యూబ్‌లెస్ అయితే ప్లగ్గులు, నాలుగైదు జిప్ టైలు, పాత టైరు ముక్క. వీటన్నిటి కంటే ముఖ్యం విడి హ్యాంగర్. ఒక ఫ్రేము హ్యాంగర్ ఇంకోదానికి సరిపడదు, వందల రకాలున్నాయి, చిన్న ఊరి షాపులో మీ ఫ్రేముది దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. సైకిలు కొన్న రోజే దాని నమూనా చూసి రెండు తెప్పించి పెట్టుకోవాలి. క్విక్ లింకు కూడా గేర్ల సంఖ్యను బట్టి మారుతుంది, పది గేర్లది పన్నెండు గేర్ల చైనుకు కూర్చోదు.

సామాను ఉండటం వేరు, చేతికి పని రావడం వేరు. శుభ్రమైన గదిలో, యూట్యూబ్ చూస్తూ, చైను తెంపి కలపడం ఎవరైనా చేస్తారు. ఒక బకెట్లో రేగడి కలిపి అందులో చేతులు ముంచి, చైను కూడా ముంచి, అప్పుడు కలపండి చూద్దాం. క్విక్ లింకు వేళ్ల మధ్య నుంచి జారి పడుతుంది. పడ్డది మళ్లీ దొరకదు. బనీను లోపలి వైపు పొడిగా ఉంటుందని, దాంతో వేళ్లు తుడుచుకోవాలని, లింకు రెండు ముక్కల్నీ తీసే ముందు ఎక్కడ పెట్టాలో అనుకోవాలని అప్పుడు తెలుస్తుంది. ఇంకో మార్గం ఉంది, నాకు ఇదే ఎక్కువ ఇష్టం: మీ ఊరి సైకిలు షాపులో ఓ నెల సాయంత్రాలు కూర్చోండి. పంచరు వెయ్యడం, రిమ్ము బెండు తియ్యడం, పుల్లలు బిగించడం ఆ చేతుల దగ్గర నేర్చుకున్నది ఏ వీడియోలోనూ దొరకదు. గేర్ల సైకిలు ఆయన ఎక్కువగా చూసి ఉండకపోవచ్చు. ఇనుము స్వభావం ఆయనకు తెలుసు.

ఇక అన్నీ పాటించినా విరిగిందనుకోండి. డెరైలర్ ఊడి వేలాడుతోంది, విడి హ్యాంగర్ కూడా అయిపోయింది. అప్పుడు సైకిలును ఒంటి గేరుకు మార్చాలి. డెరైలర్‌ను చైను నుంచి తప్పించి, ముందు వెనక పళ్లచక్రాలు తిన్నగా ఒక గీతలో ఉండే జత చూసి, చైనును బిగువుగా సరిపోయేంత తుంచి, లింకుతో కలపాలి. ఇక్కడో కిటుకు ఉంది. వెనక పళ్లచక్రాల్లో చైను తనంతట తాను పెద్దదాని మీదికి ఎక్కాలని చూస్తుంది, ఎక్కితే బిగుసుకుని తెగుతుంది. కాబట్టి లేచి నిలబడి తొక్కొద్దు, మెత్తగా తొక్కాలి, నిటారు ఎత్తుల్లో దిగి నడవాలి. వెనక సస్పెన్షన్ ఉన్న సైకిళ్లలో సీటు ఊగినప్పుడల్లా చైను పొడవు మారుతుంది గనక ఈ ఉపాయం సరిగా పనిచెయ్యదు. ముందు ఫోర్కుకు మాత్రమే సస్పెన్షన్ ఉన్నదాంట్లో బాగా నడుస్తుంది. మొదటిసారి మారథాన్‌కు వెళ్లేవాళ్లకు అలాంటి సైకిలే మేలని నేననేది ఇందుకే. తక్కువ కదిలే భాగాలు, తక్కువ తలనొప్పి.

పంచరు సంగతి మనవాళ్లకు కొత్త కాదు. తుమ్మముల్లు, పల్లేరుగాయ చూడని టైరు ఈ ప్రాంతంలో లేదు. ఒకటే హెచ్చరిక: కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపలంతా వేలితో మెల్లగా తడమండి. ముల్లు అక్కడే ఉంటే రెండో ట్యూబూ పోతుంది, మూడోది మీ దగ్గర లేదు. టైరు పక్క భాగం చిరిగితే లోపల పాత టైరు ముక్కో, అదీ లేకపోతే మడత పెట్టిన పది రూపాయల నోటో అడ్డం పెట్టి గాలి కొంచెం తక్కువగా కొట్టండి.

మౌంటెన్ బైక్ పోటీ పుట్టుకలోనే ఇలాంటి మరమ్మతు ఒకటుంది. 1976 అక్టోబరు 21న కాలిఫోర్నియాలో ఫెయిర్‌ఫాక్స్ దగ్గర కొందరు కుర్రాళ్లు లావు టైర్ల పాత సైకిళ్ల మీద ఒక మట్టి కొండదారిలో పందెం వేసుకుని దిగారు. వాళ్ల సైకిళ్లకు పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఉండేది. కిందికి వచ్చేసరికి ఆ వేడికి వెనక హబ్బులోని గ్రీజు పొగలు కక్కి ఆవిరయ్యేది, దిగిన ప్రతిసారీ విప్పి కొత్త గ్రీజు కూరాలి. అలా మళ్లీ కూరడాన్ని వాళ్ల భాషలో రీప్యాక్ అంటారు, ఆ దారికి ఆ పేరే స్థిరపడింది. ఆ మొదటి పందెం అలన్ బాండ్స్ గెలిచాడు, పడకుండా కిందికి చేరింది అతనొక్కడే అంటారు.

సైకిలు విరిగినా పోటీ ముగించిన మనిషి గురించి చెప్పమంటే ఎవరైనా ఎత్తుకునే కథ యూజెన్ క్రిస్టోఫ్‌ది. 1913 టూర్ డి ఫ్రాన్స్. పిరెనీస్ కొండల్లో టూర్మలే కనుమ దిగుతుండగా అతని ఫోర్కు విరిగింది. అప్పటికి అతను గెలుపు గుర్రం. బయటివాళ్ల సాయం తీసుకోకూడదన్నది నియమం. సైకిలు మోసుకుంటూ పది కిలోమీటర్లకు పైగా నడిచి సెయింట్ మారీ ద కాంపాన్ అనే ఊళ్లో కమ్మరి కొలిమి దగ్గరికి చేరాడు. పోటీ అధికారులు కాపలాగా చూస్తుండగా తన ఫోర్కు తానే కాల్చి, కొట్టి, అతికించుకున్నాడు. కొలిమి తిత్తి ఊదడానికి ఒక కుర్రాడు సాయం చేశాడని శిక్షగా అతనికి సమయం కలిపారు. గంటల కొద్దీ వెనకబడ్డాడు. అయినా ప్యారిస్ చేరి ఏడో స్థానంలో నిలిచాడు.

ఈ కథను సంకల్పబలానికి ఉదాహరణగా చెప్పేస్తుంటారు. నాకు అందులో రెండు వేరే విషయాలు కనిపిస్తాయి. క్రిస్టోఫ్ సైక్లిస్టు కాకముందు తాళాలు చేసే పని నేర్చినవాడు. ఇనుము ఎర్రబడ్డాక ఏ రంగు దగ్గర కొట్టాలో అతని చేతికి తెలుసు. సంకల్పం ఎంతున్నా ఆ పని రానివాడు కొలిమి ముందు కూర్చుని ఏడవడం తప్ప ఏం చెయ్యగలడు? ఇక రెండోది కాస్త చేదు. అతను ఆ టూర్ గెలవలేదు, ఫిలిప్ తీస్ గెలిచాడు. 1919లో పోటీ చరిత్రలోనే మొట్టమొదటి పసుపు జెర్సీ తొడుక్కున్న క్రిస్టోఫ్‌కు ఆ ఏడు కూడా చివరి రోజుల్లో ఫోర్కే విరిగి ఆధిక్యం పోయింది. టూర్ అతనికి ఎప్పటికీ దక్కలేదు. మరమ్మతు చేతనైతే పోటీ ముగించగలరు, గెలుస్తారని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఈ తేడా తెలియకుండా బయల్దేరేవాళ్లే పంచరు పడగానే డీలా పడతారు.

గెలుపు కథ కావాలంటే అదీ ఉంది. 2024 జూలై 29న ప్యారిస్ ఒలింపిక్స్ పురుషుల మౌంటెన్ బైక్ పోటీలో బ్రిటన్ రైడర్ టామ్ పిడ్‌కాక్‌కు నాలుగో ల్యాపులో ముందు చక్రం పంచరైంది. చక్రం మార్చుకుని బయల్దేరేసరికి ముందున్నవాళ్లకు సుమారు 40 సెకన్లు వెనకబడ్డాడు. ఒలింపిక్ స్థాయిలో అది చాలా దూరం. అతను దాన్ని ఒక్క ల్యాపులో పూడ్చుకోలేదు. ల్యాపుకు కొంత చొప్పున తగ్గించుకుంటూ వచ్చి, ఆఖరి ల్యాపులో ఫ్రాన్స్ రైడర్ విక్టర్ కొరెట్జ్‌కీతో భుజం భుజం రాసుకుంటూ ముందుకు దూరి బంగారు పతకం తీసుకున్నాడు. మామూలు రైడర్లు చేసే తప్పు సరిగ్గా ఇక్కడే. మరమ్మతు చేసుకుంటున్నంతసేపూ పక్కనుంచి ఒక్కొక్కరే దాటి వెళ్తుంటారు, కడుపు రగులుతుంది. ఎక్కగానే పోయిన కాలమంతా పది నిమిషాల్లో లాగేద్దామని తొక్కుతారు. ఊపిరి అదుపు తప్పుతుంది, చూపు దారి మీద ఉండదు, రెండో ప్రమాదం అక్కడే. ఎక్కిన తర్వాత కాసేపు కావాలనే నెమ్మదిగా తొక్కండి. అతికించిన చోటు పట్టిందో లేదో తెలియడానికి కూడా అది అవసరం.

అసలు పోటీ వదిలేయాల్సిన సందర్భాలూ ఉన్నాయి, వాటిని పిరికితనం అనడం నాకు నచ్చదు. రెండు బ్రేకుల్లో ఒకటి పూర్తిగా పోతే కొండ దిగవద్దు. పారుతున్న వాగును సైకిలుతో దాటవద్దు, నీళ్లు మోకాలి దాకానే ఉన్నాయి అనిపించినా సరే. నల్లమడ వాగు పొంగిన రోజులు చూసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఈ ప్రాంతం ఎంత నీటి పాలైందో ఇంకా గుర్తుంది. ఉరుము వినిపిస్తే బయలు పొలంలో, ఒంటరి చెట్టు కింద ఉండకూడదు. తెగి పడిన కరెంటు తీగ, తడిసిన మోటారు షెడ్డు దరిదాపుల్లోకి పోవద్దు. నిర్వాహకులు పోటీ ఆపేదాకా ఆగడం వాళ్ల బాధ్యత మీద మీ ప్రాణం పెట్టడమే.

ఇంటికి వచ్చాక ఆ రాత్రే సైకిలు కడగండి. తెల్లారేదాకా వదిలేస్తే రేగడి రాయైపోతుంది. బోరు పైపుతో ధారగా పోస్తే చాలు, సర్వీసింగ్ సెంటర్ల ప్రెషర్ పైపు వద్దు. ఆ ధాటికి నీళ్లు సీళ్లు దాటి హబ్బుల్లోకి, పెడళ్ల ఇరుసులోకి పోయి బేరింగులు తుప్పు పడతాయి. ముందు నానబెట్టి, మెత్తని బ్రష్షుతో తోమి, ఆరాక చైనుకు నూనె వెయ్యండి. మర్నాడు పగటి వెలుతురులో ప్యాడ్లు ఎంత అరిగాయో, చైను ఎంత సాగిందో, చక్రం చేత్తో తిప్పితే గరగర వస్తోందో చూడండి. కాళ్ల వేళ్ల సందులు, ముళ్లు గీసిన చోట్లు కూడా అదే శ్రద్ధతో చూసుకోండి. ధనుర్వాతం ఇంజక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే ఆ రోజే వెళ్లండి. విరిగిన హ్యాంగర్‌కు బదులు కొత్తది ఆ వారమే తెప్పించండి. వచ్చే పోటీ ఎప్పుడో మీకు తెలియకపోవచ్చు గానీ, కొరియరు ప్రత్తిపాడు చేరడానికి దాని టైము అది తీసుకుంటుంది.